కాంతం రెండో గొంతు

ఆదివారం పొద్దున్న ఫోను మోగే వేళకి త్రినాథరావు ఇంట్లో అందరూ స్నానాలు చేసి ఉండాలి. గాజువాకలో ఇల్లు కట్టుకుని ఫోను పెట్టించుకున్న నాటి నుంచీ ఆ ఇంటి పద్ధతి అది. త్రినాథరావు స్టీల్ ప్లాంటులో క్రేను నడుపుతాడు. కరిగిన ఉక్కు నిండిన బానల్ని జనం నెత్తి మీదుగా తిప్పడానికి జంకని మనిషి. అలాంటివాడు ఎలమంచిలి నుంచి అన్నయ్య ఫోను వస్తుందంటే మాత్రం ఉతికిన పంచె కట్టుకుని, బొట్టు పెట్టుకుని, స్టూలు పక్కన నిలబడతాడు. కూర్చోడు. "ఫోన్లో మీరు కనపడరు కదా నాన్నా, కూర్చోండి" అని కూతురు ఇంద్రజ ఎన్నిసార్లు చెప్పినా, "ఆయనకి తెలిసిపోతాదే" అనేవాడు.

అన్నయ్య శ్రీనివాసరావుది ఎలమంచిలిలో బెల్లం వ్యాపారం. అన్నదమ్ములిద్దరూ ఇంకా వేరు పడలేదు. పొలం, పాత ఇల్లు, కొట్టు అన్నీ ఉమ్మడే. ఈ రోజుల్లో వేరు పడని కుటుంబం మాదేనని ఆయనకి మహా గొప్ప. అంచేత గాజువాకలో గోడలకి రంగు వేయించాలన్నా, ఇంద్రజని ఏ కాలేజీలో చేర్చాలన్నా, ఆఖరికి పాత కుక్కరు తీసేసి కొత్తది కొనాలన్నా ఆదివారం దాకా ఆగాలి. ఆయన ఫోనులో తీర్పు చెప్తాడు. ముందు త్రినాథరావు వింటాడు, తర్వాత ఇంద్రజ వింటుంది, చివర్న రిసీవరు త్రినాథరావు భార్య కాంతం చేతికొస్తుంది. కాంతం చెప్పేది ఒకటే మాట.

"అలాగే బావగారూ."

సరిగ్గా ఆ మాట అంటున్నప్పుడే కాంతం రెండో గొంతు ఇంకో మాట అంటూ ఉండేది.

ఆవిడకి రెండు గొంతులు మరి. వాళ్ళ అమ్మ వైపు ఆడవాళ్ళందరికీ ఉన్నాయి. ఒకటి అందరికీ వినపడే లావు గొంతు, మెత్తగా మర్యాదగా ఉంటుంది. రెండోది సన్న గొంతు. అది ఎంత సన్నమంటే మనిషి చెవికి అందదు. కుక్కలకి, పిల్లులకి, బల్లులకి అందుతుంది. రెండూ ఒకే నోట్లోంచి, ఒకే ఊపిరి మీద, ఒకేసారి వస్తాయి. లావు గొంతు అనవలసిన మాట అంటుంది, సన్న గొంతు మనసులో ఉన్న మాట అంటుంది. ఆపుదామన్నా ఆగదు. కాంతానికి మాత్రం అది లోపల్నుంచి వినపడుతూనే ఉంటుంది.

పెళ్ళిచూపుల్లోనే కాంతం నాన్న దాపరికం లేకుండా చెప్పేశాడు. "అమ్మాయికి రెండు గొంతులండి. రెండోది మీకు వినపడదు లెండి." పెళ్ళికొడుకు తరఫున పెద్దరికం చేస్తున్న శ్రీనివాసరావు కాసేపు ఆలోచించి, "వినపడందైతే మాకేటి ఇబ్బంది" అన్నాడు. ముహూర్తం పెట్టేసుకున్నారు.

వీధిలో వాళ్ళకి ఇదంతా అలవాటైపోయింది. ఇంటికొచ్చిన చుట్టాలతో కాంతం "ఇంకో రెండ్రోజులుండి వెళ్ళకూడదూ" అన్నప్పుడల్లా గుమ్మంలో పడుకున్న వీధికుక్క లేచి, తోక ముడుచుకుని ఆటోస్టాండు దాకా పోయేది. పక్కింటి సన్యాసమ్మ కొత్త చీర చూపించడానికి వస్తే ముందు గోడ మీద బల్లి ఉందో లేదో చూసుకునేది. "చాలా బాగుంది పిన్నీ" అని కాంతం అన్నాక కూడా బల్లి గోడని పట్టుకునే ఉంటే చీర నిజంగా బాగున్నట్టు. పట్టు తప్పి కింద పడిందా, ఆ సాయంత్రమే కొట్టుకెళ్ళి మార్చుకొచ్చేది. ఇందులో ఎవరికీ కష్టం లేదు. ఎక్కడో ఫోను అవతల ఉండే బావగారి దగ్గర కుక్క గానీ బల్లి గానీ పనికి రాదు, అంతే.

రెండు వేల ఐదో, ఆరో, ఆ రోజుల్లో ఇంద్రజ దువ్వాడలో ఇంజినీరింగు మూడో ఏడు చదువుతోంది. ఇంట్లో కంప్యూటరు కొన్నారు. దానికి ఇంటర్నెట్ కావాలంటే ఫోను తీగే దిక్కు. మోడెం తీగలోకి దూరి, పిల్లులు కాట్లాడుకున్నట్టు కీచుకీచుమని అరిచి, మనుషుల మాటలు పోయే తోవనంతా తనే ఆక్రమించుకునేది. అది ఉన్నంతసేపూ ఫోను ఎంగేజి. ఓ ఆదివారం ఇంద్రజ ఏదో ప్రాజెక్టు పని అని పొద్దున్నే మొదలెట్టి టైము మర్చిపోయింది. ఎలమంచిలిలో శ్రీనివాసరావు డయల్ చేస్తాడు, ఎంగేజి. మళ్ళీ చేస్తాడు, ఎంగేజి. తమ్ముడికి ఏ ప్రమాదం జరిగిందోనని ఉన్న పళంగా రైలెక్కి, దువ్వాడలో దిగి, మధ్యాహ్నానికి గాజువాక చేరాడు. వచ్చేసరికి తమ్ముడు ఉతికిన పంచెతో ఫోను పక్కన నిలబడే ఉన్నాడు.

"ఈ ఇంట్లో ఫోను నాకు ఎప్పుడూ కాళీగా ఉండాల," అన్నాడు శ్రీనివాసరావు. "ఏటి సేత్తారో సెయ్యండి."

త్రినాథరావు వెళ్ళి కరీం బాషాని అడిగాడు. కరీం బాషా కూడా ఎలమంచిలి మనిషే. వాళ్ళ నాన్న అక్కడ గడియారాలు బాగుచేసేవాడు. కొడుకు గాజువాకలో కంప్యూటర్ల షాపు పెట్టుకున్నాడు. త్రినాథరావూ అతనూ ఒకరినొకరు బావా అంటే బావా అనుకుంటారు.

"బ్రాడ్‌బ్యాండ్ పెట్టించీయ్ బావా," అన్నాడు కరీం బాషా. "నెట్టు నెట్టే, ఫోను ఫోనే. ఒకటుంటే ఇంకోటి ఆగదు."

"కొత్త తీగ లాగాల్సుంటాదేటి?"

"ఏటీ అక్కర్లేదు. మీ గోడలో ఉన్న రాగితీగే సాలు."

టెలిఫోన్ వాళ్ళు వచ్చి మోడెం ఇచ్చి వెళ్ళాక, తగిలించడానికి కరీం బాషాయే వచ్చాడు. త్రినాథరావుకి నమ్మకం కుదరలేదు. ఒకే తీగలో రెండు పన్లు ఎలా అవుతాయంటాడు. కరీం బాషా నేల మీద బాసింపట్టు వేసుక్కూర్చుని చెప్పాడు.

"మేడిల్లు అనుకో బావా. మనం మాటాడుకునే మాట లావు సప్పుడు. అది తీగలో కిందనే, కొంచెం జాగాలోనే పోతాది. పైన బోల్డంత జాగా ఇన్నాళ్ళూ ఊరికే పడుంది. సన్న సప్పుళ్ళు పోయే జాగా అది. నెట్టుని ఆ మేడ మీద పెడతన్నారు. కిందోళ్ళు కింద, పైవోళ్ళు పైన. ఎక్స్ఛేంజికి ఎల్లాక మళ్ళీ ఇడదీసి దేని తోవన దాన్ని అంపీస్తారు."

టీ గ్లాసులు పట్టుకొచ్చిన కాంతం గుమ్మంలోనే ఆగింది. "ఆ సన్న చప్పుడు మనుషులకి వినపడదా అన్నయ్యా?"

"ఇనపడదక్కా. మన సెవికి అందదు. కానీ ఉంటాది. మోడెం దాన్ని పట్టుకుని మనకి తెలిసేలాగ కిందకి దింపుతాది."

"దూరం పోతుందా?"

"ఎక్స్ఛేంజి దూరమైతే పాపం నీరసపడిపోతాది. మీకు రెండు వీధుల అవతలే గదా, దిగులు లేదు."

కాంతానికి ఎవరో తన పుట్టింటి వాళ్ళ కబురు చెప్పినట్టనిపించింది. టీ ఇచ్చి లోపలికి వెళ్ళిపోయింది గానీ వంటింట్లో నిలబడి చాలాసేపు అదే ఆలోచించింది.

కరీం బాషా జేబులోంచి అగ్గిపెట్టంత తెల్ల పెట్టె తీసి గోడ దగ్గర తగిలించాడు. తీగ అందులోకి దూరి, ఇటు ఫోనుకీ అటు మోడెంకీ రెండు పాయలుగా వచ్చింది. పై సప్పుడు ఫోనుకేసి రాకుండా, కింది సప్పుడు మోడెంకేసి పోకుండా అదే కాపలా అన్నాడు. మోడెం మీద పచ్చ లైటు వెలిగింది. ఇంద్రజ నెట్టు చూస్తూ ఉండగానే త్రినాథరావు ఫోనెత్తి, కొబ్బరికాయల కొట్టువాడికి ఊరికే ఫోన్ చేసి, బాగానే ఉన్నావా అని అడిగి పెట్టేశాడు.

చిక్కల్లా ఆదివారం ఆ పెట్టె సంగతి అన్నయ్యకి చెప్పడం వల్ల వచ్చింది.

"ఒకే తీగొచ్చి ఇంట్లో రెండు పాయలవుతాదా?" అన్నాడు శ్రీనివాసరావు. "మతుండే పెట్టించేవా? మా ఎదురింటి అన్నదమ్ములు ఈది గుమ్మం రెండు సేసుకున్నారు. ఏడాది తిరక్కుండా కోర్టుకెక్కేరు. మన కుటుంబంలో ఇప్పటిదాకా ఏదీ రెండవలేదు. ఇప్పుడే తీసీయ్."

త్రినాథరావు రిసీవరు పెట్టీపెట్టగానే పెట్టె ఊడబీకి అటక మీద పడేశాడు. కరీం బాషా వచ్చి నెత్తి కొట్టుకున్నాడు. పాపం ఏం చేస్తాడు, ఫోను తీగనీ మోడెం తీగనీ కలిపి మెలేసి, టేపు చుట్టి, ఒకే సాకెట్లోకి దోపాడు. ఆ సంగతి వింటే శ్రీనివాసరావుకి ప్రాణం లేచొచ్చింది. "అదీ. అలాగ కలిసుండాల" అన్నాడు.

కలిసున్నాక ఫోనులో ఎప్పుడూ వాన కురుస్తున్నట్టు సొద మొదలైంది. దానికి అలవాటు పడ్డారు. ఇంకో తంటా వచ్చింది. కాంతం ఫోను మాట్లాడుతుంటే చాలు, ఇంద్రజ కంప్యూటర్లో తెరిచిన బొమ్మ సగంలో ఆగిపోయేది. త్రినాథరావు మాట్లాడితే ఆగదు, ఇంద్రజ స్నేహితురాలు వచ్చి మాట్లాడినా ఆగదు. కరీం బాషా ఓ సాయంత్రం కూర్చుని కాంతం చేత వాళ్ళ చెల్లెలికి ఫోన్ చేయించి చూశాడు. చెల్లెలు ఊరగాయ పంపిస్తానంటే "అయ్యో, నీకెందుకే శ్రమ" అంది కాంతం. నెట్టు టక్కున ఆగిపోయింది.

"అక్క సన్న గొంతూ నెట్టూ ఒకే మేడ మీద తిరగతన్నాయి బావా," అన్నాడు కరీం బాషా. "ఒకలు నడుత్తుంటే ఇంకోలికి జాగా లేదు."

అంతేనా అనుకున్నారు అందరూ. అమ్మ ఫోన్ దగ్గరుంటే ఇంద్రజ కంప్యూటరు కట్టేయాలని, మోడెం మాత్రం అలాగే వెలుగుతూ ఉండొచ్చని ఒప్పందం చేసుకున్నారు.

ఇలా ఉండగా ఓ రోజు ఇంద్రజ కాలేజీ నుంచి ఫోను చేసింది. హాస్టల్లో మెస్సు నడిపే ఆవిడ చెప్పాపెట్టకుండా మానేసిందట, అమ్మాయిలంతా బిస్కట్లు తిని కూర్చున్నారట. కాంతం ఆటో కట్టించుకుని దువ్వాడ వెళ్ళింది. అక్కడ పెద్ద పెద్ద గంగాళాలు, నడుమెత్తు పొయ్యిలు, గోనెల్లో కందిపప్పు చూసేసరికి ఆవిడకి ఒళ్ళు పొంగింది. ఇంట్లో ముగ్గురికి ఇంత బియ్యం కడిగీ కడిగీ చెయ్యి ముడుచుకుపోయి ఉంది మరి. ఇద్దరు సాయగత్తెల్ని పక్కన పెట్టుకుని పులిహోర, పప్పుచారు, అరటికాయ వేపుడు దించింది. ఉప్పు గుప్పిళ్ళతోనే వేసింది, ఎక్కడా తేడా రాలేదు. హాలు నిండా కూర్చున్న పిల్లలు మారు వడ్డించుకుని తింటుంటే గోడకి ఆనుకుని చూసింది. చాలా సంతోషం వేసింది ఆవిడకి. ఇలాంటి సంతోషం ఒకటుందని అప్పటిదాకా తెలియనే తెలియదు.

వార్డెను మధులత చెయ్యి కడుక్కుని నేరుగా ఆవిడ దగ్గరికొచ్చింది. "మెస్సు మీరే చూసుకోండమ్మా. జీతం మాట్లాడదాం. సోమవారం పొద్దున్న వస్తే సరే, లేదంటే మేనేజ్‌మెంట్ వాళ్ళు కాంట్రాక్టరుకి ఇచ్చేస్తారు."

"ఇంట్లో అడిగి చెప్తానండి," అంది లావు గొంతు.

"ఒత్తాను, తప్పకుండా ఒత్తాను," అంది సన్న గొంతు. వంటింటి గుమ్మంలో ఉన్న హాస్టలు పిల్లి లేచొచ్చి కాంతం కాళ్ళకి రాసుకుంది.

ఇంటికొచ్చి చెప్తే త్రినాథరావు తల గోక్కున్నాడు. "నాకైతే బాగానే ఉంది కాంతం. నువ్వు వండితే తిన్నోలు మర్చిపోరు. కానీ అన్నయ్యని అడక్కుండా ఎలాగ?"

"ఆయన ఒప్పుకోరండి."

"అదే నాకూ బయంగా ఉంది," అన్నాడు. అతను మంచివాడే. ఏ నిర్ణయమూ తనంతట తను చెయ్యడం నేర్చుకోలేదు, అదొక్కటే లోటు.

కాంతానికి ఆ పని కావాలి. పెళ్ళయ్యాక ఇంతగా దేన్నీ కావాలనుకోలేదు. చీర కావాలనుకోలేదు, గొలుసు కావాలనుకోలేదు. అడిగితే పోతుందని భయం, అడక్కపోయినా పోతుందని భయం. ఆ వారమంతా వండిన కూరల్లో ఉప్పు తప్పింది.

ఆ వారమే ఎలమంచిలి కొట్లోకీ బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది. తమ్ముడింట్లో ఉన్నది తన దగ్గర లేకపోవడమేమిటని, బెల్లం ధరలు చూసుకోవాలని, శ్రీనివాసరావు కంప్యూటరు కొన్నాడు. భజనలు వినడానికి మోకాలెత్తు స్పీకర్లు రెండు కొన్నాడు. తెల్ల పెట్టె మాత్రం గడప దాటనివ్వలేదు. ఫోను తీగా మోడెం తీగా మెలేసి, తన చేత్తోనే టేపు చుట్టాడు.

ఆదివారం వచ్చింది. ఇంద్రజ కంప్యూటరు కట్టేసింది. ఫోను మోగింది. త్రినాథరావు ముందు ఎండల గురించి, తర్వాత రైళ్ళ గురించి మాట్లాడి, మెల్లిగా హాస్టలు సంగతిలోకి దిగాడు. అటు నుంచి ఏం వినపడిందో గానీ అతని మెడ కొంచెం కొంచెంగా కిందకి వంగింది. ఇంద్రజ పెద్దనాన్నకి ఏదో చెప్పబోయి, "సరే పెదనాన్నా" అని రిసీవరు అమ్మకి ఇచ్చేసింది.

వాన సొద వెనకాల కొట్లో తక్కెడ చప్పుళ్ళు, రైతుల మాటలు వినపడుతున్నాయి కాంతానికి.

"ఇన్నావా కాంతం," అన్నాడు శ్రీనివాసరావు. "మనింటి కోడలు ఊరోళ్ళ పిల్లలకి వండి పెట్టడమేటి? రేపు పొద్దున్నే ఆ వార్డెనమ్మకి వొద్దని సెప్పీయ్."

"అలాగే బావగారూ," అంది లావు గొంతు.

"సెప్పను," అంది సన్న గొంతు. "నానెల్తాను."

రెండు మాటలూ కలిసే తీగలోకి దూరాయి. కలిసే వీధి చివర స్తంభం ఎక్కాయి, ఎక్స్ఛేంజి దాకా కలిసే పోయాయి. అక్కడ లావు మాటని ఎప్పుడూ పోయే దారిలోకి తోసేశారు. సన్న మాటని నెట్టు పోయే దారిలోకి మళ్ళించారు. ఇంద్రజ కంప్యూటరు కట్టేసింది కాబట్టి తోవ ఖాళీగా ఉంది, సన్న మాటకి అడ్డొచ్చిన వాళ్ళు లేరు. ఎలమంచిలి ఎక్స్ఛేంజిలో రెండూ మళ్ళీ ఒకే రాగితీగ ఎక్కి బెల్లం కొట్లోకి దిగాయి. లావు మాట రిసీవర్లోంచి శ్రీనివాసరావు చెవిలోకి వెళ్ళింది. సన్న మాట మోడెంలోకి దూరి, కంప్యూటర్లోకి వెళ్ళి, భజన స్పీకర్లలోంచి కొట్టంతటికీ వినపడేలా వచ్చింది.

"ఎవులది?" అన్నాడు శ్రీనివాసరావు.

"నేనేనండి బావగారూ."

"నువ్వు కాదు. ఇక్కడ కంప్యూటర్లోంచి ఎవులో ఆడమనిషి, సెప్పను, నానెల్తాను అంటంది."

కాంతానికి అర్థమైపోయింది. స్టూలు అంచు పట్టుకుని నిలబడింది.

"అయ్యో, అదేం పట్టించుకోకండి బావగారూ."

"పట్టించుకోవాల," అంది సన్న గొంతు. "మొదట్నించీ పట్టించుకోవాల్సింది."

రిసీవర్లో వెనకనుంచి ఓ ముసలి గొంతు వినపడింది. "ఆయమ్మ మాటలో నాయం ఉంది బాబూ." బెల్లం దిమ్మలు తెచ్చిన నూకాలు అనే రైతు అతను.

"నువ్వూరుకో నూకాలూ," అన్నాడు శ్రీనివాసరావు. "కాంతం, ఇది నీ రెండో గొంతేనా?"

"అవునండి."

"ఇలాగుంటాదా అది? పెళ్ళిసూపుల్లో మీ నాన్న ఇనపడదన్నాడు గదా."

"ఇన్నాళ్ళూ వినపడలేదండి. మీ మాట మేమెప్పుడైనా కాదన్నామా చెప్పండి," అంది లావు గొంతు, సర్దుబాటు చేయాలని.

"కాదనకపోబట్టే ఇలాగ తయారైనారు," అంది సన్న గొంతు.

"ఎలాగ తయారైనాను?"

"నేనలా అనలేదండి."

"అన్నాను."

ఇటు పక్కన త్రినాథరావుకి ఒక్క గొంతే వినపడుతోంది. అనలేదండి, కాదండి, అయ్యో అండి. అతని పంచె చెమటకి తడిసిపోతోంది. "ఏటంటన్నాడే అన్నయ్య?" అని గుసగుసగా అడిగాడు. కాంతం ఆగమని చెయ్యి చూపించింది.

శ్రీనివాసరావుకి కోపం వచ్చింది. కొట్లో పదిమంది ముందు మాట పడటం ఆయనకి అలవాటు లేదు. "మనింటి ఆడోళ్ళు గడప దాటి పనికెల్లడం ఎప్పుడన్నా ఉందా? మీ అక్క ఎల్లిందా? కాసులమ్మ ఏనాడైనా నోరిప్పి నన్నొకటి అడిగిందా?"

కాసులమ్మ ఆయన భార్య. కొన్నేళ్ళ కిందట జబ్బు చేసి పోయింది. తోడికోడలే అయినా కాంతాన్ని సొంత చెల్లెల్లా చూసుకునేది.

"అక్క మహాతల్లి అండి," అంది లావు గొంతు.

సన్న గొంతులో ఈసారి కోపం లేదు. "అక్క అడగలేదు. అక్కకి నాలాగ రెండో గొంతు లేదు. ఉన్న ఒక్క గొంతుతోనే అలాగే అలాగే అని ఎల్లిపోయింది. ఆవిడకేటి కావాలో మీకు తెలుసా?"

"తెలీదు," అన్నాడు శ్రీనివాసరావు. ఆ మాట ఆయన నోట ఎవరూ విని ఎరగరు. "ఏటి కావాల దానికి?"

"నాకేం తెలుసండి," అంది లావు గొంతు. సన్న గొంతే చెప్పింది. "కొట్లో కూకోవాలనుండేది. బెల్లం ముక్క నాలిక్కి తగిల్తే ఏ ఊరి సెరుకో సెప్పీసేది. వంటింట్లో నా దగ్గర అనుకునేది. మిమ్మల్ని అడగడానికి బయపడింది."

"నిజవే బాబూ," అన్నాడు నూకాలు. "ఓపాలి మీరు బోజనానికి ఎల్లినప్పుడు నా దిమ్మ సూసి, పాకంలో సున్నం ఎక్కువేసినావు నూకాలూ అనీసింది ఆయమ్మ. ఎక్కువే ఏసీనాను మరి."

ఫోనులో వాన సొద వెనకాల తక్కెడ రాళ్ళు ఒక్కొక్కటే తీసి కింద పెట్టిన చప్పుడు వినపడింది. అంతలో శ్రీనివాసరావు గొంతు సవరించుకున్నాడు.

"కాంతం."

"ఆఁ అండి."

"కంప్యూటరు సెప్పిన మాటకి నాను జవాబు సెప్పను. దానికీ నాకూ సుట్టరికం లేదు. నా మరదలివి నువ్వు. నువ్వు సెప్పాల, నా సెవిలో సెప్పాల. ఎల్తావా, ఎల్లవా?"

కాంతానికి అలవాటు కొద్దీ నాలిక మీదకి 'అలాగే' వచ్చేసింది. ఈ ప్రశ్నకి ఆ మాట అతకదు. ఎటు తిప్పినా అతకదు. వెళ్ళనంటే అంతా ఎప్పట్లా సాఫీగా అయిపోతుంది, సాయంత్రం పకోడీలు వేసుకుని తినొచ్చు. రేపు హాస్టల్లో ఆ పొయ్యిలు ఇంకెవరో వెలిగిస్తారు. ఏడుపొచ్చింది ఆవిడకి. మొగుడికేసి చూసింది. త్రినాథరావుకి అటు ఏం అడిగారో తెలియదు, ఇటు ఏం జవాబు చెప్పాలో తెలియదు. అయినా ఆవిడ మొహం చూసి, "సెప్పీయ్ కాంతం" అన్నాడు.

"నానెల్తాను బావగారూ," అంది కాంతం.

ఎలమంచిలిలో ఆ మాట రిసీవర్లోంచీ స్పీకర్లలోంచీ ఒక్కసారే వచ్చింది. ఒకదానికొకటి పొల్లు పోలేదు. నూకాలు ఫోనుకేసీ కంప్యూటరుకేసీ మార్చి మార్చి చూశాడట.

"ఎల్లు," అన్నాడు శ్రీనివాసరావు. "తమ్ముడికియ్" అన్నాడు. త్రినాథరావు అందుకున్నాడు. "ఒరే, ఆ తెల్ల పెట్టె అటక మీంచి దించి ఈ పూటే తగిలించీయ్. నాకూ ఒకటి అంపించు. కొట్లో జనం నవ్వతన్నారు."

"మరి ఇల్లు రెండవుతాదేమో అన్నయ్యా?"

"మీ ఆవిడ గొంతులు రెండైతేనే ఇన్నాళ్ళు ఏటీ అవలేదు. పెట్టెకేటవుతాది," అని పెట్టేశాడు.

ఆ సాయంత్రమే కరీం బాషా జేబులో ఓ తెల్ల పెట్టె వేసుకుని ఎలమంచిలి బస్సెక్కాడు. తగిలించాక శ్రీనివాసరావు అతన్ని కూర్చోబెట్టి, కాసులమ్మ గురించి చాలాసేపు చెప్పాడట. తిరిగొచ్చేటప్పుడు కాంతానికిమ్మని దిమ్మెడు బెల్లం ఇచ్చాడు.

సోమవారం పొద్దున్న కాంతం హాస్టలు చేరేసరికి కూరగాయలతను మెస్సు గుమ్మంలో వంకాయల గోనె దించుతున్నాడు. ఆవిడ గోనె మూతి విప్పి చెయ్యి లోపలికి పెట్టింది. పైపైన నవనవలాడుతున్నాయి, అడుగున అన్నీ పుచ్చులే.

"మొదటి రోజు గదమ్మా, ఈ పూటకి సర్దుకోండి," అన్నాడు అతను.

"సర్దుకోను," అంది కాంతం. "ఇయ్యి అట్టుకెల్లిపోయి మంచియి తే."

అని, అలవాటు కొద్దీ కాసేపు ఆగింది. ఆ మాట పైన ఇంకో మాట ఏదో వస్తుందని చూసింది. ఏమీ రాలేదు. అనవలసిందీ అనుకున్నదీ అదొక్కటే. కూరగాయలతను గొణుక్కుంటూ గోనె మళ్ళీ భుజానికెత్తుకున్నాడు. కాంతం కొంగు నడుముకి దోపుకుని పొయ్యి వెలిగించడానికి లోపలికి వెళ్ళింది.